చక్కెర లేని పక్కటెముకలు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా టీమ్ స్టాండప్ కాల్. నా వంతు రాకముందే ఫోన్ టింగుమంది. రెండు రోజుల కిందట ఇచ్చిన రక్తపరీక్ష తాలూకు రిపోర్టు. తెరిచి చూస్తే హెచ్‌బీఏ1సీ 6.1 అని ఉంది. పక్కనే ఎర్రరంగులో ఓ గుర్తు. ఈలోగా కాల్లో నా పేరు పిలిచారు. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమైనా ఉన్నాయా? రోజూ అడిగే మూడు ప్రశ్నలే. "అడ్డంకులేం లేవు" అన్నాను. ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే.

ఈ అంకె సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. గడిచిన రెండు మూడు నెలల్లో మన రక్తంలో చక్కెర సగటున ఎంతుందో చెప్పే పరీక్ష ఇది. 5.7 లోపుంటే పర్వాలేదు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్. 6.5, ఆపైన ఉంటే షుగరే. అంటే నేను గుమ్మం బయట నిలబడి కాలింగ్ బెల్ మీద వేలు పెట్టానన్నమాట. వయసు 28. చూడ్డానికి సన్నగానే ఉంటాను, పొట్ట మాత్రం నాకంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. "నేను లావు కాదు కదా" అంటే డాక్టరమ్మ నవ్వింది. బీఎంఐ 25 దాటితే పరీక్ష చేయించుకోమని అందరికీ చెప్తారట. మన ఆసియా వాళ్ళకు మాత్రం ఆ గీత 23 దగ్గరే గీశారు. మనకు తక్కువ బరువుకే వస్తుంది కాబట్టి.

ఆ రాత్రి ఇంటికి వీడియో కాల్ చేశాను. మాది తెనాలి. నాన్నకు పదిహేనేళ్ళుగా షుగర్. రెండు పూటలా మాత్రలు. విషయం చెప్పగానే ఆయన ఏమీ అనలేదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మాట్లాడింది అమ్మే.

"ఎవరికీ చెప్పమాక నాన్నా. సంబంధాలు చూస్తన్నాం. ఇప్పుడిది బయటకు పొక్కితే ఇంకేమన్నా ఉందా?"

"ఇంకా షుగర్ రాలేదమ్మా."

"అదే నేను చెప్పేదీ. రాందానికి ఊరంతా టముకేసుకోవడం ఎందుకు?"

అమ్మ లాజిక్కులో బగ్గు పట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి లెక్క చూసుకున్నాను. కాఫీలో చక్కెర మానేసి రెండేళ్ళయింది. కూల్‌డ్రింకులు తాగను. స్వీట్లు పండక్కే. అన్నం సంగతి వేరే, దాన్ని గురించి విడిగా ఏడుద్దాం. చక్కెర ఎక్కడి నుంచి వస్తోందా అని ఫ్రిజ్ తెరిస్తే, తలుపు అరలో బార్బిక్యూ సాస్ సీసా. వెనక్కి తిప్పి చదివాను. రెండు టేబుల్ స్పూన్లకు 16 గ్రాముల చక్కెర. నాలుగు గ్రాములు ఒక టీస్పూన్. అంటే రెండు స్పూన్ల సాస్‌లో నాలుగు టీస్పూన్ల పంచదార. ఇక రెండు స్పూన్లతో ఆపేవాడెవడు? ఆ ముందు శనివారమే పక్కింటి పెద్దాయన పెరట్లో రిబ్స్ కాల్చి పిలిస్తే వెళ్ళాను. ఆయన పూసింది కాక, పక్కన గిన్నెలో పెట్టిన సాస్‌లో ప్రతి ముక్కా ముంచుకుని తిన్నాను. తక్కువలో తక్కువ ఎనిమిది టీస్పూన్ల పంచదార. అదంతా మాంసంతోపాటే, కారంకారంగా, పుల్లపుల్లగా లోపలికి వెళ్ళిపోయింది. జిలేబీ తింటే కనీసం తిన్నామన్న పాపభీతన్నా ఉంటుంది.

నేనుండేది కాన్సస్ సిటీ శివార్లలోని ఓవర్‌లాండ్ పార్క్‌లో. ఈ ఊళ్ళో ఉంటూ బార్బిక్యూ మానేయడమంటే భీమవరంలో ఉండి చేపలు మానేసినట్టే. శనివారం పొద్దున కిటికీ తెరిస్తే కట్టెల పొగ వాసన. కొత్తగా వచ్చినవాణ్ణి ఇక్కడివాళ్ళు ఇంటికి పిలవడమంటే పెరట్లోకి పిలవడమే. చేతిలో ఎముక పట్టుకుని మూతి తుడుచుకుంటూ మాట్లాడితేనే నాకు నలుగురు పరిచయమయ్యారు. మానేస్తే పోయేది కూర ఒక్కటే కాదు.

అందుకని మానేయకుండా దారి వెతికాను. మొదట తెలిసిందేమిటంటే, కాన్సస్ సిటీ బార్బిక్యూకు తీపి పుట్టుకతో వచ్చింది కాదు. ఈ ఊరి బార్బిక్యూకు ఆద్యుడు హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటగాడు. మెంఫిస్ దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చి, 1900ల మొదట్లో దర్జీపనుల పేటలో ఓ సందులో పొగబెట్టిన మాంసం అమ్మాడు. న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాడట. మన మిరపకాయ బజ్జీల్లాగే! ఆయన సాస్ ఘాటుగా, కారంగా ఉండేదని చెబుతారు. ఆయన తర్వాత ఆ దుకాణం బ్రయంట్ సోదరుల చేతికి వచ్చింది. ఆర్థర్ బ్రయంట్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి పాతకాలపు సాస్ ఇప్పటికీ వెనిగర్ పులుపుతో, మిరపపొడి గరుకుతో ఉంటుంది. ప్రపంచమంతా కాన్సస్ సిటీ రుచి అనుకునే చిక్కటి, తియ్యటి సాస్ సూపర్‌మార్కెట్లకెక్కింది చాలా తర్వాత. దాన్ని ఇంటింటికీ చేర్చినవాళ్ళలో ముఖ్యుడు రిచ్ డేవిస్. ఆయన వృత్తి రీత్యా చిన్నపిల్లల మానసిక వైద్యుడు. 1970ల చివర్లో కేసీ మాస్టర్‌పీస్ మొదలుపెట్టి 1986లో పెద్ద కంపెనీకి అమ్మేశాడు.

ఇది చదివాక నాకు ధైర్యం వచ్చింది. చక్కెర తీసేస్తే బార్బిక్యూకు ద్రోహం చేసినట్టు కాదు, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళినట్టు. మా భాషలో రోల్‌బ్యాక్.

రెండో సమస్య పరికరం. నాది అపార్ట్‌మెంట్. బాల్కనీలో బొగ్గులు వెలిగిస్తే లీజ్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. ఉన్నది స్లో కుక్కర్. వెళ్ళిపోతున్న రూమ్మేట్ వదిలేసి పోయాడు. రెండేళ్ళుగా అందులో ఉల్లిపాయలు పోసుకున్నాను.

మన దగ్గర స్లో కుక్కర్ చూడనివాళ్ళుంటారు. బరువైన పింగాణీ గిన్నె, దాని చుట్టూ సన్నగా వేడెక్కే తీగ, పైన గాజుమూత. అంతే. ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకు 1940లో దీని పేటెంట్ వచ్చింది. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం కూరకుండని ఊరి రొట్టెల బట్టీలో పెట్టి, రాత్రంతా ఆ మిగులు వేడికి ఉడకనిచ్చి మర్నాడు తినేవాళ్ళట. సబ్బాతు రోజు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన ఆ ముచ్చటే ఆయనకు ఈ ఆలోచన ఇచ్చింది. 1971లో రైవల్ కంపెనీ దీన్నే క్రాక్‌పాట్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాక అమెరికాలో ఇంటింటికీ చేరింది.

ఆ కథ చదువుతుంటే నాకు మా నాయనమ్మ దాలి గుర్తొచ్చింది. పెరట్లో దాలిగుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేది. మంట ఉండదు, సెగ మాత్రమే. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, పైన అరచేతి మందం మీగడ. మధ్యలో మూత తీసి చూడబోతే చెయ్యి మీద ఒక్కటేసేది. స్లో కుక్కర్ వాడే పుస్తకంలోనూ అదే రాసుంది: మూత తీయవద్దు. తీసిన ప్రతిసారీ ఇరవై, ముప్పై నిమిషాల వంట వెనక్కి పోతుంది. పుస్తకం చెయ్యి మీద కొట్టలేదు, అంతే తేడా.

పక్కటెముకలకు ఈ సన్న సెగే ఎందుకంటే, ఆ మాంసంలో కొలాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. గబగబా వండితే అది నమిలినా నలగదు. 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే అదే కరిగి జెలటిన్ అవుతుంది. మన పాయా చల్లారాక జెల్లీలా పేరుకుంటుందే, అదే. నోట్లో వెన్నలా అనిపించేది కొవ్వు ఒక్కటే కాదు, ఆ జెలటిన్ కూడా.

మొదటి ప్రయత్నం నాశనమైంది. దాచడం దేనికి, చెప్తాను. మాంసం అనగానే మన చెయ్యి గ్లాసు మీదికి పోతుంది కదా, అలవాటుగా గ్లాసున్నర నీళ్ళు పోశాను. స్లో కుక్కర్లో ఆవిరి బయటికి పోదు. మాంసం తన నీళ్ళు తను వదులుతుంది. ఎనిమిది గంటల తర్వాత మూత తీస్తే రిబ్స్ కాదు, రసం. ముక్కలు తెల్లగా పాలిపోయి ఆస్పత్రి భోజనంలా ఉన్నాయి.

రెండోసారి నీళ్ళు మానేశాను. సాస్‌లో చక్కెర బదులు ఎరిత్రిటాల్ వేశాను. వేడిమీద బాగానే ఉంది. చల్లారేసరికి అది మళ్ళీ గడ్డకట్టి, పళ్ళ కింద ఇసుక. పైగా చక్కెరలా ఎర్రబడదు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువగా కనిపించాయంది. అదే కారణమని తేలలేదు కానీ, షుగర్ నుంచి తప్పించుకోవడానికి వెతుక్కునేదాంట్లో ఇంకో భయం ఎందుకని పక్కన పెట్టాను. మూడోసారి అల్యులోజ్ వాడాను. ఇది అంజీర్లలోనూ ఎండుద్రాక్షలోనూ కొద్దిగా ఉండే ఒక రకం చక్కెరే, కానీ మన ఒంట్లో దాదాపు అరగదు. తీపి మామూలు పంచదారలో 70 శాతం. సెగకు ఎర్రబడుతుంది. ఇక్కడి ఎఫ్‌డీఏ 2019లో దీన్ని లేబుల్ మీద చక్కెరల లెక్కలో చూపించక్కర్లేదంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది, కాబట్టి స్పూన్లతోనే, గరిటెలతో కాదు.

ఇక అసలు వంట. పంది మాంసం అనగానే మనలో కొందరు ముఖం తిప్పుకుంటారని తెలుసు. మా ఇంట్లోనూ వండరు. అలాంటివాళ్ళకు కింద వేరే దారి చెప్పాను.

కావలసినవి (ముగ్గురికి)

బేబీ బ్యాక్ రిబ్స్ ఒక పలక, సుమారు 1.1 కిలోలు.

పైన పట్టించే పొడికి: స్మోక్డ్ పాప్రికా 1 టేబుల్ స్పూన్, ఉప్పు 2 టీస్పూన్లు, గుంటూరు కారం 1 టీస్పూన్ (మనం వేసుకోకపోతే ఇంకెవరు వేసుకుంటారు), మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఒక్కో టీస్పూన్, జీలకర్ర పొడి అర టీస్పూన్.

సాస్‌కి: టమాటా పేస్ట్ 85 గ్రాములు (170 గ్రాముల చిన్న డబ్బాలో సగం), యాపిల్ సైడర్ వెనిగర్ పావు కప్పు, అల్యులోజ్ 3 టేబుల్ స్పూన్లు, వూస్టర్‌షైర్ సాస్ 1 టేబుల్ స్పూన్, ఆవపేస్ట్ 1 టీస్పూన్, స్మోక్డ్ పాప్రికా 1 టీస్పూన్, ఉప్పు చిటికెడు, లిక్విడ్ స్మోక్ అర టీస్పూన్.

రెండు మాటలు. వూస్టర్‌షైర్ సాస్ పేరు పలకలేక భయపడకండి, అందులో పడేది మన చింతపండే. ఇంకా చిన్న చేపలు, వెనిగర్, కొంచెం బెల్లంపాకం లాంటిది. ఒక్క స్పూనే కాబట్టి పర్వాలేదు. ఇక లిక్విడ్ స్మోక్ అంటే నిజంగా కట్టెల పొగనే చల్లబరిచి పట్టిన నీళ్ళు. 1895లో దీన్ని సీసాలో పోసి అమ్మడం మొదలుపెట్టిన ఎర్నెస్ట్ రైట్ ఈ కాన్సస్ సిటీ మందుల షాపాయనే. కాబట్టి నా అపార్ట్‌మెంట్ వంటకు ఊరి పొగ కూడా తగిలినట్టే లెక్క. అర స్పూన్ దాటితే మాత్రం కూర మాడిపోయిందనుకుంటారు.

తయారీ

రిబ్స్ పూర్తిగా కరిగినవై ఉండాలి. గడ్డకట్టిన మాంసాన్ని స్లో కుక్కర్లో పెట్టకూడదు. అది వేడెక్కేలోగా సూక్ష్మక్రిములు పండగ చేసుకుంటాయి.

పలకను తిప్పితే ఎముకల వైపు పల్చటి, మెరిసే పొర ఉంటుంది. దాన్ని తీయకపోతే మసాలా లోపలికి పోదు, తినేటప్పుడు రబ్బరులా తగులుతుంది. ఒక చివర స్పూన్ కాడ దూర్చి లేపి, జారకుండా పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే పంచె అంచులా మొత్తం వచ్చేస్తుంది. ఇది వచ్చిన రోజు నాకు ప్రమోషన్ వచ్చినంత ఆనందం.

తడి తుడిచి పొడి అంతా పట్టించండి. వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పలకను మూడు ముక్కలుగా కోసి, గిన్నె గోడ వెంబడి నిలువుగా, కండ వైపు గోడకు ఆనేలా నిలబెట్టండి. సాస్ సామాను అంతా కలిపి, సగం పైన పోయండి. నీళ్ళు వద్దు. మళ్ళీ చెప్తున్నాను, నీళ్ళు వద్దు. మూత పెట్టి 'లో' మీద 7 గంటలు. పొద్దున తొమ్మిదికి పెట్టి ఆఫీసు పని చూసుకుంటే సాయంత్రం నాలుగుకల్లా అయిపోతుంది. మధ్యలో మూత తీయబోతే మా నాయనమ్మని తలుచుకోండి.

తర్వాత గిన్నెలోని నీళ్ళ పైన తేలిన కొవ్వు తీసేసి, ఆ నీళ్ళు నాలుగైదు స్పూన్లు మిగిలిన సాస్‌లో కలిపి, చిన్న గిన్నెలో చిక్కబడేదాకా మరిగించండి. ముక్కల్ని పట్టకారుతో కాదు, రెండు వెడల్పాటి అట్లకాడలతో ఎత్తండి. లేకపోతే ఎముక మీ చేతిలో, కండ గిన్నెలో. రేకు పరిచిన ట్రేలో పెట్టి, సాస్ పూసి, ఓవెన్లో పైమంట కింద 4 నిమిషాలు. అంచులు నల్లబడి, సాస్ బుడగలొస్తే తీసేయండి. ఆ నాలుగు నిమిషాలు ఫోన్ చూడకండి. ఇదీ అనుభవమే.

ఇండియాలో ఉన్నవాళ్ళు, పంది తిననివాళ్ళు: మేక పక్కటెముకలు, చాప్స్ అని అడిగితే కొట్టిస్తారు, ముప్పావు కిలో తీసుకోండి. అదే పొడి పట్టించి, కుక్కర్లో అరగ్లాసు నీళ్ళతో నాలుగైదు విజిల్స్. ప్రెషర్ కుక్కర్‌కు మాత్రం ఆ నీళ్ళు కావాలి, ఆవిరి అక్కడి నుంచే పుట్టాలి. టమాటా పేస్ట్ దొరక్కపోతే నాలుగు టమాటాలు ఉడికించి గుజ్జు చిక్కగా దగ్గరపెట్టండి. అల్యులోజ్ దొరక్కపోతే తీపి మానేయండి, పులుపూ కారం చాలు. చివర్లో సాస్ పూసి ఇనప పెనం మీద రెండు వైపులా కాల్చండి.

లెక్క చెప్పకపోతే ఇంజినీరునెలా అవుతాను? పైన చెప్పిన సాస్ మొత్తం ముప్పావు కప్పు వస్తుంది. పీచూ అల్యులోజూ పోను, పొడి, సాస్ కలిపి మనిషికి 7, 8 గ్రాముల కార్బ్స్ పడతాయి. అంతే సాస్ నా పాత సీసాలోంచి పోసుంటే మనిషికి 32 గ్రాముల పంచదార. ఒక కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయని గుర్తుంచుకుంటే ఆ 32 ఎంతో తెలుస్తుంది. అయితే ఇది మందు కాదు. కొవ్వూ ఉప్పూ దండిగా ఉన్న మాంసమే. నెలకు రెండుసార్లు, పక్కన పెద్ద గిన్నెడు క్యాబేజీ ముక్కలతో తింటాను.

మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ పుణ్యమా అని కార్బ్స్ అన్న మాట పల్లెటూళ్ళకూ తెలుసు. కానీ ఒక్క మాట. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి కార్బ్స్ కోసేస్తే, మందు మాత్రం అంతే వేసుకుంటే, షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు చెప్పి, మందు మోతాదు చూపించుకుని మొదలుపెట్టండి. నాలా గుమ్మం బయట ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పే లెక్క ఒకటుంది. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం, 2002లో అచ్చయింది. వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యాలుగా పెట్టుకున్నవాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో 31 శాతమే.

మూడోసారి చేసిన రిబ్స్ డబ్బాలో పెట్టుకుని పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పెరట్లో హికరీ కట్టెలతో ఆరేడు గంటలు కాపలా కాసే మనిషి. "స్లో కుక్కర్లో చేశాను" అనగానే, ఎవరో చనిపోయారని విన్నట్టు టోపీ తీశాడు. ఒకటి కొరికాడు. నములుతూ ఆలోచించాడు. కండ ఎముక నుంచి జారిపోతే అతిగా ఉడికినట్టేనట, ఇక్కడి పోటీల్లో మార్కులు తీసేస్తారట. ఇది బార్బిక్యూ కానే కాదన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. చక్కెర లేదని చెప్తే సాస్ ఒక్కటే వేలితో నాకి చూసి, "ఎందుకు మానేశావు?" అన్నాడు.

అమ్మ మాట గుర్తొచ్చింది. ఒక క్షణం ఆగి, 6.1 అని చెప్పాను. బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ప్యాంటు జేబులోంచి చక్కెర చూసుకునే మిషన్ తీసి చూపించాడు. తనకు ఇరవై ఏళ్ళుగా ఉందట. అతిథులకు పెట్టే తియ్యటి సాస్ తను ముట్టుకోడట. ఇన్నాళ్ళూ ఆయన ప్లేట్లోకి నేను తొంగి చూడలేదు. ఇప్పుడు శనివారాలు ఆయన పెరట్లో రెండు గిన్నెలుంటాయి. రెండోది నాది.

మొన్న మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకుంటే 5.8 వచ్చింది. అది రిబ్స్ మహిమ కాదు. రాత్రిపూట అన్నం సగానికి తగ్గించాను, భోజనం అయ్యాక అరగంట నడుస్తున్నాను. లేబుళ్ళు చదువుతున్నాను. అంతే.

ఈ వారం కాలమ్‌లో ఇది రాయనా వద్దా అని నాన్ననే అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "పదిహేనేళ్ళు నేనూ దాచాను గదరా. పెళ్ళిళ్ళలో లడ్డు వద్దంటే ఎందుకని అడుగుతారని, గమ్మున తినేసి ఇంటికొచ్చి మాత్ర ఎక్కువేసుకున్నాను. ఎవరి కోసం తిన్నానో ఇప్పటికీ తెలవదు. రాసెయ్."

తర్వాత ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. రోజూ టీలో ముంచుకు తినే షుగర్ ఫ్రీ బిస్కెట్ ప్యాకెట్ తీసి, వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం చదివాడు.

"మొట్టమొదట మైదా అని రాసి ఉందేందిరా?"

"ఎక్కువ ఉన్నదాన్నే ముందు రాస్తారు నాన్నా. పంచదార లేదంటే పిండి లేదని కాదు. మైదా కూడా ఒంట్లో చక్కెరే అవుతుంది."

"ఎన్ని తింటన్నాను నేను రోజుకి?"

"ఆరు" అంది అమ్మ వెనక నుంచి.

నాన్న ప్యాకెట్ పక్కన పెట్టి, అరలోంచి ఇంకో డబ్బా తీశాడు. కార్న్‌ఫ్లేక్స్. దాన్ని కూడా వెనక్కి తిప్పాడు. ఆ రోజు మా కాల్ గంటా పది నిమిషాలు సాగింది. హార్లిక్స్ సీసా దగ్గరికి వచ్చేసరికి అమ్మ కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టింది.

అమ్మ ప్రతివారం ఈ కాలమ్ చదివి పిన్నులందరికీ వాట్సాప్‌లో పంపిస్తుంది. ఈసారి పంపుతుందో లేదో చూడాలి.